పట్నంలో మబ్బు పట్టిందట

అక్టోబరు 5, ఆదివారం

ఏప్రిల్ నుంచి అన్నీ ఖాళీ పేజీలే. ఈ రోజు రాయడానికి కారణం జంపక్క వదిన. దుమ్ముగూడెం అవతలి నుంచి భద్రాచలం వచ్చి, బస్సు మారి, పది గంటలకు పాల్వంచలో దిగింది. తన చెల్లెలు సుజాత పోయాక ఈ క్వార్టర్‌కు రావడం ఇదే మొదటిసారి. సంచి నిండా ఉసిరికాయలు తెచ్చింది. పచ్చడి పెట్టే మనిషి లేదన్న సంగతి మరచిపోయి తెచ్చిందో, గుర్తుండే తెచ్చిందో అడగలేదు.

టీ నేనే పెట్టాను. తాగి, గ్లాసు కడిగి బోర్లించి, పట్నంలో జరిగే ఎయిర్ షో సంగతి అడిగింది.

"మరిదీ, ఇమానాల ఆట ఎప్పుడు?"

"నవంబర్ల. మూడో ఆదివారం."

"నన్ను తీస్కపో."

"ఏడాది కాలే వదినా. గిసొంటియాటికి పోవద్దంటరు."

"ఎవలంటరు?"

"అందరంటరు."

"దానికి అక్కను నేను. పోవద్దంటే నేననాలె. నేనే పోదామంటున్న."

తీసుకుపోతానని సుజాత ఆమెకు మాట ఇచ్చిందట. రెండేళ్ల కిందటి మాట. "నిరుడు లేకపాయె. ఈ ఏడన్న ఉంటదా?" అని అడిగింది. ఉంటుందన్నాను. తీసుకుపోతానన్నాను. నోటి నుంచి వచ్చేసింది.

మూడు గంటల బస్సు ఎక్కించి వచ్చాను. ఉసిరికాయలు బల్ల మీదే ఉన్నాయి.

నార్మల్.

అక్టోబరు 6

ఏ షిఫ్టు, పొద్దున ఆరు నుంచి రెండు దాకా. నార్మల్.

అక్టోబరు 9

థర్మల్ ప్లాంటు కంట్రోల్ రూమ్ లాగ్‌బుక్‌లో హీరాలాల్ వైట్‌నర్ పూశాడు. కొత్త ఇంజనీరు, తెలివైనవాడు, తొందర ఎక్కువ. పిలిచి చూపించాను.

"తప్పు రాసిన సార్. అందుకే పూసిన."

"తప్పు రాయడం తప్పు కాదు. పూయడం తప్పు. ఒక్క గీత కొట్టు. కింద అక్షరాలు కనబడాలె. పక్కన సరైంది రాయి, టైమ్ వెయ్యి, సంతకం పెట్టు. రాసినోడే కొట్టాలె. ఇంకొకడు కొట్టొద్దు."

"కింద కనబడితే ఏం లాభం సార్?"

"రేపు ఏదన్న ఐతే, ఏ టైముకు ఏమనుకున్నమో తెల్వాలె గద."

ఇరవై ఏడేళ్లుగా కొత్తవాళ్లందరికీ చెప్పే మాటే. ఈ రోజు సగంలో ఆపి నీళ్లు తాగాను. బొగ్గు పొడి.

అక్టోబరు 12, ఆదివారం

వదినకు ముందే చెప్పి ఉంచాలి, అక్కడ ఏం ఉంటుందో. గుర్తున్నంత వరకు ఏడాదివారీగా రాస్తున్నాను.

2017. మొదటిసారి. ప్లాంటు రిక్రియేషన్ క్లబ్బు బస్సు పెట్టింది. పాత విమానాశ్రయం మైదానంలో షామియానాలు. నాలుగు గంటలకు మొదలన్నారు. నాలుగుంపావుకు మా వెనక నుంచి ఒకటి తల మీదుగా వచ్చింది. చప్పుడు వినగానే సుజాత నా చెయ్యి పట్టుకుని లాక్కుంటూ షామియానా కిందికి పరిగెత్తింది. ఆమె ఊళ్లో చిన్నప్పటి నుంచి అంతే. పైన చప్పుడైతే అది పోలీసు హెలికాప్టరు, హెలికాప్టరంటే అడవిలో ఏదో జరిగినట్టు, మనిషి ఇంట్లోకి పోవాలి, ఆరేసిన బట్టలు కూడా లోపలికి తేవాలి. చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. మా ప్లాంటు మొండయ్య అయితే బస్సులో తిరిగొచ్చేదాకా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. కొత్తగూడెం దాటాక నా చెవిలో అన్నది: "మా ఊళ్లె చప్పుడైతే లోపలికి ఉరుకుమంటరు. ఈడ తల ఎత్తి చూడమని పాసులిస్తరు. గిదెంత మంచిగున్నది."

2018. తనే ముందు అడిగింది. విమానాలకు తన పేర్లు పెట్టుకుంది. బారుగా వచ్చేవి కొంగలు. తలకిందులుగా తిరిగేది గబ్బిలం. రంగు పొగ వదిలేవి చిలుకలు. మైకులో చెప్పే పేర్లు ఒక్కటీ గుర్తు పెట్టుకోలేదు.

2019. అన్నిటికంటే బాగా జరిగింది. తొమ్మిది చిలుకలు. ఆకాశంలో గీసిన పొగ చెరిగిపోయేదాకా కదలనివ్వలేదు. బస్సు తప్పిపోయింది. వేరే బస్సులో నిలబడి వచ్చాం.

2020. కరోనా. లేదు. ఆ ఆదివారం డాబా మీద రెండు కుర్చీలు వేసింది. నాలుగు నుంచి అయిదు వరకు కూర్చున్నాం. చిమ్నీ పొగ చూశాం. చివర్లో నిజం కొంగలు వచ్చాయి. "పాసు లేకుంటనే" అన్నది.

2021. లేదు. అవే కుర్చీలు.

2022. మళ్లీ మొదలైంది. పాసులు ఫోనులో తీసుకోవాలన్నారు. విమానాలు తగ్గాయి. ఇనుప కంచెలు పెరిగాయి. ఆమెకు అవేవీ పట్టలేదు.

2023. జనం విపరీతం. నాలుగు గంటలు నిలబడే ఉన్నాం. బయటికి రావడానికి రెండు గంటలు. ఆమె కాళ్లు వాచాయి, చెప్పులు చేత్తో పట్టుకుని నడిచింది. నిలబడీ నిలబడీ వాచాయనుకున్నాం. బస్సులో నేను కోపంగా మాట్లాడాను. ఆమె చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

2024. లేదు.

అక్టోబరు 13

కాళ్ల వాపు గురించి డైరీలో అప్పుడేం రాశానో చూశాను. "కాళ్లు వాచాయి. మామూలే." అంతే ఉంది.

అక్టోబరు 20

టపాకాయలు. తలుపు వేసుకున్నాను.

అక్టోబరు 24

బట్టలు డాబా మీద ఆరేశాను. గాలి చిమ్నీ వైపు నుంచి వస్తున్నది, చూసుకోలేదు. అన్నిటి మీదా బూడిద. మళ్లీ ఉతికాను. సుజాత వేలు తడిపి గాలిలో పెట్టి చూసేది.

అక్టోబరు 26

మొండయ్య క్యాంటీన్‌లో పక్కన కూర్చున్నాడు. మార్చిలో రిటైరవుతాడు. జోకులు మాత్రం రిటైరయ్యేట్టు లేవు.

"సంపత్ సార్, ఈసారన్న పోతున్నవా ఇమానాల కాడికి?"

"మా వదిన అడుగుతున్నది."

"పో సార్. పదారో తారీఖు నీ డ్యూటీ నేను చేస్త. నిరుడు నా డ్యూటీ నువ్వు చేస్తివి గద, బాకీ తీరిపోతది. అబ్బ, నిరుడు ఏం జేసిండ్రు సార్. తొమ్మిది ఒక్కసారి లేచినై. మా ముసల్ది జడుసుకొని నా చెయ్యి పట్టుకున్నది. పెండ్లైన ముప్పై ఐదేండ్లకు ఇప్పుడు పట్టుకున్నవే అన్న."

టేబులంతా నవ్వింది. నేను కూడా నవ్వాను.

పెరుగు గ్లాసు సగమే తాగాను.

అక్టోబరు 27

2024. ఉంది.

ఉదయం నుంచి ఈ మాట రాయాలని కూర్చుని ఇప్పుడు రాశాను.

నవంబరు 17, ఆదివారం. షో ఉంది. వారం ముందు మొండయ్య ఆ రోజు డ్యూటీ మార్చుకుందామన్నాడు. సరేనన్నాను. మొహమాటం కాదు. 2023 జనం, ఆ బస్సు, ఆ నిలబడటం మళ్లీ నా వల్ల కాదనిపించింది. ఏ షిఫ్టు చేసి, రెండింటికి వచ్చి పడుకోవచ్చనుకున్నాను. అలసిపోయాను అన్న ఒక్క మాట చెబితే సరిపోయేది. అది చెప్పాలంటే ఆమె ముఖం చూడాలి. ఆమె పొయ్యి దగ్గర ఉంది. నేను వాకిట్లో చెప్పులు వేసుకుంటూ అన్నాను.

"ఈసారి షో లేదట."

"లేదా?" అన్నది. గరిటె చప్పుడైంది. "సరే తియ్" అన్నది.

ఎందుకు లేదని అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆమె ఆ ఆదివారం అక్క దగ్గరికి పోయి వస్తానన్నది. పొమ్మన్నాను. మధ్యాహ్నం వచ్చి రెండు గంటలు పడుకున్నాను. మంచి నిద్ర.

వచ్చే ఏడు తీసుకుపోదాం అనుకున్నాను.

జనవరిలో మళ్లీ కాళ్లు వాచాయి, ఈసారి ముఖం కూడా. ఫిబ్రవరిలో కిడ్నీలన్నారు. మార్చి 11.

అక్టోబరు 28

బీ షిఫ్టు. నార్మల్.

నవంబరు 2

వదినకు ఇచ్చిన మాట నిలబెడితే నిరుటి అబద్ధం తీరిపోతుంది అనిపిస్తున్నది. బస్సులో రెండు సీట్లు రిజర్వు చేశాను. కిటికీ పక్కది ఆమెకు. సీతయ్య ఫోను చేశాడు. జంపక్క పెనిమిటి. వాళ్లింట్లో ఫోను ఆయన దగ్గరే ఉంటుంది.

"మీ వదినె కొత్త చెప్పులు కొన్నది. ఇంట్లనే ఏస్కొని తిరుగుతున్నది, కరువకుండ. ఆకాశం చూడబోయేదానికి చెప్పులెందుకే అంటే తిడుతున్నది."

వెనక నుంచి ఆమె వాళ్ల భాషలో ఏదో అన్నది. సుజాత ఇరవై రెండేళ్లలో నాకు పది మాటలు నేర్పింది. వాటిలో ఆ మాట లేదు.

నవంబరు 8

పేపరు మొండయ్యే తెచ్చి ఇచ్చాడు. జిల్లా పేజీలో కాదు, లోపలి పేజీలో, చిన్న వార్త. అనివార్య కారణాల వల్ల ఈ ఏడాది విమాన ప్రదర్శన నిర్వహించడం లేదు. వచ్చే ఏడాది నుంచి డ్రోన్ల ప్రదర్శనగా మార్చే ఆలోచన ఉంది.

నాలుగుసార్లు చదివాను.

"డ్రోన్లంటే చప్పుడుండదట సార్. లైట్లట. చప్పుడు లేకుంటే అది షో ఎట్లైతది?" అన్నాడు మొండయ్య.

నవంబరు 9, ఆదివారం

ఫోను చేశాను. ముందు సీతయ్య.

"లేదా? మీ ఇంట్ల ఇమానాలు ఎప్పుడు లెవ్వవు పో" అని నవ్వి ఆమెకు ఇచ్చాడు.

"వదినా, ఈ ఏడు షో లేదట."

ఆమె అన్నది, "నిరుడు గూడ గిదే మాట."

"ఈసారి నిజంగనే లేదు వదినా. పేపర్ల పడ్డది."

"ఈసారి నిజంగనేనా?"

"అవ్."

"నిరుడేంది మరి?"

సిగ్నల్ పోయింది.

సిగ్నల్ పోలేదు. నేనే పెట్టేశాను.

నవంబరు 10

ఏ షిఫ్టు. నార్మల్.

నవంబరు 11

నార్మల్.

నవంబరు 12

వదిన మళ్లీ ఫోను చెయ్యలేదు. సీతయ్యా చెయ్యలేదు.

ఉసిరికాయలు ముడుచుకుపోయి రాళ్లలా ఉన్నాయి. పారేయలేదు.

నవంబరు 14

సీట్లు రద్దు చేశాను. మొండయ్యతో డ్యూటీ మార్పు మాత్రం రద్దు చేసుకోలేదు. ఆదివారం దుమ్ముగూడెం పోతాను. ఏం చెప్పాలో ఒక కాగితం మీద రాసుకున్నాను. మూడు వాక్యాలు. చదివితే లాగ్‌బుక్‌లా ఉంది. చింపేశాను.

నవంబరు 16, ఆదివారం

ఇప్పుడు సాయంత్రం ఏడు. ఇప్పుడే వచ్చాను. మరచిపోకముందే రాయాలి.

పదకొండు గంటలకు వాళ్లింటికి చేరాను. వాకిట్లో పరచిన పరదా పట్టా మీద పత్తి పోసి ఉంది. జంపక్క కూర్చుని ఆకుముక్కలు ఏరుతున్నది. కొత్త చెప్పులు గోడ పక్కన, అట్టపెట్టె మీద. నన్ను చూసి లేవలేదు.

"రా మరిదీ. కూసో."

సీతయ్య చేను దగ్గరికి పోతున్నానని వెళ్లిపోయాడు. పనేమీ లేదని నడకలోనే తెలిసింది. నేను పరదాకు ఇవతల కూర్చుని పత్తిలో చెయ్యి పెట్టాను. కాసేపు ఇద్దరం ఏరాం.

"నిరుడు షో ఉండె వదినా. నాకు పోబుద్ధి కాలే. లేదని అబద్ధం చెప్పిన."

ఆమె చేతులు ఆగలేదు. ఒక పిడికెడు ఏరి పక్కన పెట్టి, ఇంకో పిడికెడు తీసుకున్నది.

"పోను, నాకు పాణం అల్సిపోయింది, పండుకుంట అంటే అదేమనేది?"

"పండుకో అనేది."

"అవ్. పండుకో అనేది. దుప్పటి గూడ కప్పేది. గా ఒక్క మాట నీతోని కాకపాయెనా?"

తల వంచుకుని పత్తి ఏరాను.

"అది పోయినంక గూడ నీకు ఈ మాట చెప్పబుద్ధి కాకుండె, గదా? నేను పట్టుకుంటే చెప్తున్నవు."

"అవ్."

"మంచిగ ఒప్పుకుంటున్నవు ఇప్పుడు."

లోపలికి పోయింది. చాలాసేపు రాలేదు. ఇక లేచి పోవాలేమో అనుకుంటుండగా అన్నం, చిక్కుడుకాయ కూర ఉన్న పళ్లెం తెచ్చి ముందు పెట్టింది. కోపం తగ్గిందని కాదు. మధ్యాహ్నం మనిషి వాకిట్లో ఉంటే పెడతారు. నేను తింటుంటే మళ్లీ పత్తి ముందు కూర్చుని, నన్ను చూడకుండా అన్నది.

"ఆ ఆదివారం గీడనే కూసున్నది. నువ్వు కూసున్న కాడనే. ఏమే, పట్నం పోలేదా అన్న. లేదక్కా, మబ్బు పట్టిందట, ఇమానాలు లెవ్వవట అన్నది."

ముద్ద చేతిలోనే ఆగింది.

"మబ్బా?"

"మబ్బే. ఎండ ఫెళ్లున కొడుతున్నదాయె. గిదేం మబ్బే అన్న. ఈడ గాదక్కా, పట్నంల పట్టింది, మీ మరిది చెప్పిండు అన్నది."

"నేను మబ్బని చెప్పలే వదినా. లేదట అని మాత్రమే అన్న."

ఇప్పుడు తల ఎత్తి నన్ను చూసింది.

"మరి మబ్బు యాడికెళ్లి వచ్చింది?"

నాకు తెలియదు. అదే అన్నాను. నాకు తెల్వదు.

ఊరికే లేదట అంటే అక్క నమ్మదని తనే ఒక కారణం పెట్టుకుందేమో. లేక దారిలో ఏ బస్సులోనో, ఎవరి ఫోనులోనో ఆ విమానాలు చూసి, అక్క ముందు నా మాట పోకుండా మబ్బు పట్టించిందేమో. ఆ రోజు సాయంత్రం ఇంటికి వచ్చి నాకు టీ పెట్టి ఇచ్చింది. నిద్ర పట్టిందా అని అడిగింది. అది గుర్తుంది. ఎలా అడిగిందో గుర్తు చేసుకుంటున్నాను. మామూలుగానే అడిగింది.

"నన్నడుగుతె నాకేమెర్క" అన్నది వదిన. "దాన్ని అడగాలె."

నాలుగు కావస్తుండగా చప్పుడు ముందు కోళ్లకు వినిపించింది. గుంపుగా అరుగు కిందికి దూరాయి. తర్వాత మాకు. పక్కింట్లో ఎవరో తీగ మీది బట్టలు లాగారు. జంపక్క ఒక్కసారిగా లేచి, పరదా అంచు పత్తి మీదికి మడిచి, ఇంట్లోకి పోయింది. "లోపలికి రా మరిదీ" అని గడప అవతల నుంచి పిలిచింది.

నేను లేవలేదు. ధైర్యం కాదు. నాలుగు గంటలు, నవంబరు మూడో ఆదివారం. తల ఎత్తాను.

చింతచెట్ల మీదుగా హెలికాప్టరు వచ్చింది, ఒక్కటే, నల్లగా. గోదావరి వైపు పోతున్నది. పత్తి పింజలు రెండు పరదా కింది నుంచి లేచి వాకిట్లో తిరిగాయి.

పక్కన ఎవరో నిలబడ్డట్టనిపించి చూశాను. జంపక్క. కొత్త చెప్పులు వేసుకుని ఉంది. ఒక చేత్తో నా మోచెయ్యి పట్టుకుంది, గట్టిగా, గోళ్లు దిగేలా. రెండో చెయ్యి కళ్ల మీద అడ్డం పెట్టుకుని పైకి చూస్తున్నది. నోరు కొంచెం తెరిచి ఉంది. యాభై ఎనిమిదేళ్ల మనిషి. తన వాకిట్లో నిలబడి దాన్ని చూడటం ఇదే మొదటిసారని తర్వాత చెప్పింది.

చెట్ల వెనక్కి పోయేదాకా చూసింది. చప్పుడు ఆగాక చెయ్యి వదిలింది.

"దీనికి రంగులు లేవు" అన్నది.

"లేవు. పట్నంలవాటికి ఉంటయి."

"గిట్లనే చూసిందా అది? తల ఎత్తి?"

"గిట్లనే. మెడ నొప్పి పుట్టేదాక."

చెప్పులు విప్పి అట్టపెట్టెలో పెట్టింది. ఏడుస్తున్నదో లేదో చూడలేదు. నేను చూసే స్థితిలో లేను.

బస్సుకు బయల్దేరుతుంటే వాకిలి దాకా వచ్చింది. మళ్లీ రమ్మని అనలేదు. "ఉసిరికాయలేం చేసినవ్?" అని మాత్రం అడిగింది. ఎండిపోయాయన్నాను. "పారెయ్యకు. ఎండినయి గూడ పనికొస్తయి. నేనొచ్చినప్పుడు చూస్త" అన్నది.

నవంబరు 17, సోమవారం

సెలవు పెట్టాను.

బీరువాలో నుంచి నిరుటి డైరీ తీశాను. నవంబరు 17 పేజీ. నీలం ఇంకు, నా చేతిరాత, తొందరేమీ కనిపించదు.

"ఎయిర్ షో లేదు. ఏ షిఫ్టు. నార్మల్."

ఆమె చదవదని తెలిసిన పుస్తకంలో కూడా అదే రాశాను.

స్కేలు పెట్టి ఒక్క గీత కొట్టాను. పక్కన రాశాను:

"ఎయిర్ షో ఉంది. నాకు పోవాలని లేదు. సుజాతకు లేదని చెప్పాను. ఆమె అక్కకు మబ్బు అని చెప్పింది. ఆ రోజు ఎక్కడా మబ్బు లేదు."

టైమ్ వేశాను, ఉదయం 7.10. సంతకం పెట్టాను.

కింది అక్షరాలు కనబడుతున్నాయి.